గెట్టు మనది, చుక్క ఎవరిది?

సాగర్ రోడ్డు మీద శేరిగూడలో బస్సు దిగి ఒకసారి చుట్టూ చూడు. ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులు ఎన్నో, ప్లాట్ల వెంచర్ల బోర్డులు అన్ని. ఇక్కడ భూమిని గజాల్లో అమ్ముతారు. ఒక్క గజం అటూ ఇటూ అయితే ఇద్దరు ఓనర్లు సర్వేయర్‌ని పిలుస్తారు, మిషన్ పెట్టిస్తారు, అప్పటికీ తేలకపోతే కోర్టుకు పోతారు. గజం అంటే ఎంత? మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చునేంత జాగా.

ఇప్పుడు మన పోడు సంగతి చూడు. అక్కడ ముప్పై గుంటలు పోతే "యాప్‌ల అట్లనే వచ్చింది" అంటారు. మనం తలకాయ ఊపి ఇంటికొస్తాం.

తమ్ముడూ, చెల్లె, శేరిగూడలో గది కిరాయికి తీసుకుని సివిలో, కంప్యూటర్సో చదువుతున్న నీకోసమే ఇది రాస్తున్నా. నేనూ ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల గదుల్లోనే నాలుగేండ్లు ఉండి సివిల్ చదివాను. సర్వే ల్యాబ్‌లో గొలుసు పట్టాను, టోటల్ స్టేషన్‌లో కన్ను పెట్టాను, కంప్యూటర్‌లో మ్యాపులు గీసి మార్కులు తెచ్చుకున్నాను. అదంతా మా ఊరి గెట్టుకు పనికొస్తదని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఆ సోయి మా బాబాయి ఫోన్ చేసినప్పుడు వచ్చింది.

"బిడ్డా, పట్టా ఇచ్చిండ్రు. 3 ఎకరాల 5 గుంటలని రాసి ఉంది. మనది నాలుగెకరాలకు జెర్రంతే తక్కువ గదా?"

ఊరికి పోయి, ఫోన్ పట్టుకుని, బాబాయి ముందు నడుస్తుంటే ఆయన వెనక గెట్టు గెట్టంతా తిరిగాను. 3 ఎకరాల 37 గుంటలు వచ్చింది. తేడా ఎక్కడుందో చూస్తే పెద్ద కుట్ర లెక్కేమీ కనపడలేదు. చాలా చిన్న విషయం. కొలవడానికి వచ్చినవాళ్ళు నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు పెట్టుకుని పోయారు. మా చేను ఒక పక్క వాగు వంపు తిరుగుతది. ఆ పక్క రెండు మూలల మధ్య నేరుగా గీత గీస్తే 120 మీటర్లు. కానీ చేను ఆ గీత దాటి విల్లులాగ బయటికి వంగి ఉంటది, నడుమ దగ్గర 40 మీటర్ల దాకా. ఆ విల్లు లోపలి భూమి దాదాపు 32 గుంటలు. యాప్ దృష్టిలో ఆ విల్లు లేదు. వాగు ఒడ్డున ఇంకో అయిదారు చుక్కలు పెట్టి ఉంటే ఉండేది.

32 గుంటలంటే శేరిగూడ లెక్కలో 3,872 గజాలు. రెండు వందల గజాల ప్లాట్లు చేస్తే పందొమ్మిది ప్లాట్లు. శేరిగూడలో పందొమ్మిది ప్లాట్లు మాయమైతే ఎవరన్నా ఊరుకుంటారా?

ఒక్క మా బాబాయి కథే అయితే ఇంత రాయను. 2021 చివర్లో తెలంగాణ ప్రభుత్వం పోడు దరఖాస్తులు తీసుకుంది. 4 లక్షలకు పైగా దరఖాస్తులు, 12 లక్షల ఎకరాలకు పైగా భూమికి వచ్చాయి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి ఇచ్చిన పట్టాలు సుమారు లక్షా 51 వేల మందికి, 4 లక్షల 6 వేల ఎకరాలకు. మిగిలిన భూమి అంతా ఏ లెక్కన పోయింది? కొంత నిజంగానే అర్హత లేనిదై ఉండొచ్చు. కానీ ఎంత భూమి అర్హత లేక పోయింది, ఎంత భూమి చుక్క తప్పుగా పడి పోయింది? ఆ లెక్క తేలాలంటే గెట్టు గెట్టుకూ మన కొలత మన దగ్గర ఉండాలి. లేదు. అందుకే అడగలేకపోతున్నాం.

తిరస్కరణ అంటే ఒక కాగితమే కదా అనుకోకు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించబడిన వాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించమని రాష్ట్రాలకు చెప్పింది. దేశమంతా ఆదివాసులు రోడ్డెక్కితే, ఫిబ్రవరి 28న ఆ ఉత్తర్వును కోర్టే ఆపింది. ఆపింది అంతే. పట్టాలో పడని భూమి రేపు 'ఆక్రమణ' అవుతది. దాని మీద కందకం తవ్వుతారు, మొక్క నాటుతారు, అడ్డం పోతే కేసు పెడతారు.

ఇక్కడ నాకు రెండు రకాల మాటలు వినపడతాయి. రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

మొదటిది ఆఫీసు మాట: "మిషన్ అబద్ధం చెప్పదు."

మిషన్ అబద్ధం చెప్పదు, నిజమే. అడిగిందే చెప్తది. నాలుగు చుక్కలిస్తే నాలుగు చుక్కల భూమే చూపిస్తది. ఎక్కడ నిలబడి నొక్కాలో మిషన్ చెప్పదు, పట్టుకున్న మనిషి చెప్తాడు. ఆ మనిషి తుప్పలున్నాయని, ఎండ ఉందని, సాయంత్రంలోగా ఇంకో ఇరవై చేన్లు అయిపోవాలని గెట్టు దాకా నడవకుండా చేను నడుమే నొక్కితే, మిషన్ ఆ బద్ధకాన్ని కూడా నిజాయితీగా రాసుకుంటది.

చుక్క కూడా గట్టిది కాదు. మామూలు ఫోన్‌లో జీపీఎస్ బయలు ప్రదేశంలోనే నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తది. చెట్ల కింద, కొండ పక్కన ఇంకా ఎక్కువ. 100 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు ఉన్న చేను తీసుకో. ఇంచుమించు ఎకరం. నాలుగు పక్కలా గీత అయిదు మీటర్లు లోపలికి పడితే 90 పొడవు, 30 వెడల్పు మిగులుతది. 1,300 చదరపు మీటర్లు పోయినట్టు. అంటే దాదాపు 13 గుంటలు. ఎకరంలో మూడో వంతు! గీత బయటికి పడే అవకాశమూ అంతే ఉంది. మామూలుగా కొన్ని లోపలికి, కొన్ని బయటికి పడి సర్దుకోవాలి. కానీ అనుమానం వచ్చిన ప్రతిచోటా 'అడవి వైపు వదిలెయ్' అనుకుంటే ఇక సర్దుకునేది ఏముంది? అన్నీ లోపలికే పడతాయి.

శాటిలైట్ బొమ్మ సంగతీ అంతే. చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉండాలి. ఆనాటి బొమ్మ తెచ్చి "ఇక్కడ అడవే కనపడుతోంది" అంటారు. ఏ బొమ్మ? ల్యాండ్‌శాట్ బొమ్మలో ఒక్కో గడి 30 మీటర్లు. అంటే దాదాపు 9 గుంటల భూమి ఒక్క రంగు చుక్క. మన లిస్-3 బొమ్మలో ఒక్కో గడి 23.5 మీటర్లు, అయిదున్నర గుంటలు. అరెకరం కొర్ర చేను ఆ బొమ్మలో నాలుగు చుక్కలు. నడుమ మనం కొట్టకుండా ఉంచుకున్న ఇప్పచెట్లుంటే ఆ చుక్కలు పచ్చగానే ఉంటాయి. ఆ ఏడాది నేలకు విశ్రాంతి ఇచ్చి వదిలేస్తే తుప్పల రంగు వస్తది. ఇప్పచెట్టును బతకనిచ్చినందుకు చేను పోవాలా?

చట్టం ఈ సంగతి మనకంటే ముందే చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వ నిబంధన ఏవేవి సాక్ష్యాలో వరసగా చెప్తది. ప్రభుత్వ రికార్డులు, మ్యాపులు, శాటిలైట్ చిత్రాలు ఉన్నాయి. వాటి పక్కనే ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, కట్టిన ఒడ్డు ఉన్నాయి. ఊరి పెద్దల వాంగ్మూలం రాసి ఇస్తే అదీ సాక్ష్యమే. 2012లో సవరించి పెట్టిన 12ఎ నిబంధన ఇంకా స్పష్టంగా ఉంది: శాటిలైట్ చిత్రం, ఇతర టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకు తోడుగా రావచ్చు, వాటి స్థానంలో కూర్చోకూడదు. గుజరాత్‌లో శాటిలైట్ బొమ్మ చూపించి దరఖాస్తులు కొట్టేస్తే నర్మదా జిల్లా ఆదివాసులతో పనిచేసే ఆర్చ్ వాహిని హైకోర్టుకు పోయింది. 2013లో కోర్టు ఆ దరఖాస్తులను మళ్ళీ పరిశీలించమంది, బొమ్మ ఒక్కటే ఆధారం కాకూడదంది. అక్కడి ఊళ్ళవాళ్ళు కోర్టు తీర్పుతోనే ఆగలేదు. చేతిలో జీపీఎస్ పట్టుకుని తమ గెట్లు తామే నడిచి, శాటిలైట్ బొమ్మల మీద తామే గీసి చూపించారు.

ఇక రెండో మాట మనోళ్ళ మాట: "మనకెందుకీ టెక్నాలజీ? మన గెట్టు మనకు తెల్వదా?"

తెలుసు. మా బాబాయికి గెట్టు మీద ప్రతి రాయీ తెలుసు. అయినా 32 గుంటలు పోయింది. ఎందుకంటే కాగితం మీదికి ఎక్కింది ఆయనకు తెలిసిన గెట్టు కాదు, ఇంకొకరు నొక్కిన చుక్క.

ఇది ఇవాళ మొదలైంది కూడా కాదు. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే ఇంగ్లీషు అధికారి గొలుసు పరిచి కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలత నిజాం రాజ్యం మీదుగా ఉత్తరానికి పోయింది. ఆయన కింద పనికి చేరిన జార్జ్ ఎవరెస్ట్‌ను కృష్ణా గోదావరుల మధ్య అడవులు కొలవమని పంపారు. 1820లో ఆ అడవుల్లోనే మలేరియా పట్టుకుని, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా పోయాడు. తర్వాత ప్రపంచంలో ఎత్తైన కొండకు ఆయన పేరు పెట్టారు. ఆ అడవుల్లో చెట్లు కొట్టి దారి చేసిన వాళ్ళ పేర్లు బడిలో మనకెవరన్నా చెప్పారా?

ఎవరెస్ట్ సంగతి ఊరికే ఎత్తలేదు. 1830లో ఆయన భూమి ఆకారానికి కట్టిన లెక్క మీదే మన పాత టోపోషీట్లు తయారయ్యాయి. నీ ఫోన్ జీపీఎస్ నడిచేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క మీద. పాత మ్యాపులో ఉన్న అంకెను సరిచేయకుండా తెచ్చి ఫోన్ అంకె పక్కన పెడితే, మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతది. పాత మ్యాపులోని అడవి హద్దును అట్లాగే కొత్త బొమ్మ మీద పరిస్తే ఒక చేను మొత్తం హద్దు దాటి అవతల పడొచ్చు. ఈ మాట అడగడానికి సర్వే నంబర్లు తెలిసిన పటేల్ అక్కర్లేదు. క్యూజీఐఎస్ తెరిచి ఒక సెట్టింగు చూడగల పిల్లవాడు చాలు. ఆ పిల్లవాడివి, పిల్లవి నువ్వే.

అందుకే చెప్తున్నా, అడుక్కోవడం తర్వాత, ముందు కొలుద్దాం. దానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత మన దేశస్థులు మ్యాపు తయారుచేయడానికి ముందస్తు అనుమతి, లైసెన్సు అక్కర్లేదు. సైనిక స్థావరాల లాంటి సున్నితమైన చోట్లకు మాత్రం పరిమితులున్నాయి. క్యూజీఐఎస్ ఉచితం. జీపీఎస్‌కు సిగ్నల్ ఆకాశం నుంచి వస్తది, టవర్ లేని గూడెంలో కూడా పనిచేస్తది.

సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇట్లా చెయ్యి.

ముందు గ్రామసభ, అటవీ హక్కుల కమిటీ. నువ్వొక్కడివే ఫోన్ పట్టుకుని తిరిగితే అది నీ సరదా. కమిటీ చెప్పి పంపితే అది ఊరి కొలత. ముందు పెద్దమనిషిని నడిపించు, నువ్వు వెనక నడువు. గెట్టు ఆమె చూపించాలి, ఫోన్ కాదు.

మూలలతో ఆగకు. వంపు ఉన్న ప్రతిచోటా చుక్క పెట్టు. ప్రతి చుక్క దగ్గర రెండు మూడు నిమిషాలు నిలబడు, తెర మీద ఎన్ని మీటర్ల తేడా అని చూపిస్తుందో ఆ అంకె కూడా రాసుకో. ఇంకో రోజు మళ్ళీ నడువు. రెండుసార్లు వచ్చిన గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు. ఒక పక్క టేపుతో కొలిచి, తెర మీద కొలతతో పోల్చు. తెర మీది బొమ్మను గుడ్డిగా నమ్మకు, కొండల్లో బొమ్మే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు.

అంకెల దగ్గర జాగ్రత్త. 17 డిగ్రీల 30 నిమిషాలు అంటే 17.30 కాదు, 17.5. ఈ ఒక్క పొరపాటుతో నీ చేను 22 కిలోమీటర్ల దూరం పోతది. చుక్క తర్వాత నాలుగు అంకెలే రాస్తే 11 మీటర్ల దాకా తేడా, అయిదు రాస్తే మీటరు. ఆరు రాసుకో. మన దగ్గర ఉత్తరం అంకె దాదాపు 16 నుంచి 20 మధ్య, తూర్పు అంకె 77 నుంచి 82 మధ్య ఉంటది. రెండూ తారుమారు చేశావనుకో, మీ అవ్వ జొన్నచేను ఉత్తర ధ్రువం దగ్గర మంచు దీవుల్లో తేలుతది. నవ్వకు. ఇలాంటి తారుమారు ఆఫీసు కాగితంలో ఉందేమో కూడా చూడు.

వాలు సంగతి తెలుసుకో. కొండవాలు మీద నడిచి 100 మీటర్లు కొలిస్తే, 30 డిగ్రీల వాలుకు మ్యాపులో అది 87 మీటర్లే. ఇది దోపిడీ కాదు. భూమి రికార్డులన్నీ నేలను చదునుగా పరిచినట్టు లెక్కేస్తాయి. తెలియక దీని మీద గొడవ పెట్టుకుంటే, నిజమైన గొడవలో మన మాట చెల్లదు. మన లెక్క వాళ్ళ లెక్క కంటే శుభ్రంగా ఉండాలి.

ఆఖరికి కాగితం. చుక్కల పట్టిక, గీసిన మ్యాపు, పక్క చేన్లవాళ్ళ సంతకాలు, పెద్దల వాంగ్మూలం కలిపి గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించు. గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. అడిగిన భూమిని తగ్గించినా, కొట్టేసినా ఆ మాట దరఖాస్తుదారుకు స్వయంగా తెలియజేయాలని నిబంధన ఉంది. గ్రామసభ తీర్మానం మీద డివిజన్ కమిటీకి, డివిజన్ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి 60 రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చు. మా బాబాయి విషయంలో ఆ 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు అయిపోయాయో ఎవరూ చెప్పలేదు. తర్వాత ఊళ్ళో గ్రామసభ పెట్టి తీర్మానం చేశారు, కొలత జతచేసి పంపారు. ఇంకా తేలలేదు. కానీ ఈసారి "యాప్‌ల అట్లనే వచ్చింది" అని ఎవరూ అనలేదు. కాగితం తిప్పి తిప్పి చూశారు. "ఈ చుక్కలు ఎవరు పెట్టిండ్రు?" అని అడిగారు.

"మా ఊరు పెట్టింది" అన్నాడు బాబాయి.

ఒక హెచ్చరిక చెప్పి ముగిస్తా. చుక్క పెట్టడం తెలిసినోడికి చుక్క దాచడం కూడా తెలియాలి. చుక్క మన గెట్టును కాపాడినట్టే మన అడుగులను పట్టి కూడా ఇస్తది. వనదేవత ఉన్న చోటు, పూర్వీకుల రాళ్ళు, మందుచెట్లు, ఎండాకాలంలో కూడా ఎండని ఊట, ఇవి ఏ యాప్‌లోనూ అందరికీ కనపడేలా పెట్టకు. ఫోటో పంపితే దాంట్లో చుక్క కూడా పోతదని గుర్తుంచుకో, లొకేషన్ ఆపి తియ్యి. ఏది బయటపెట్టాలో, ఏది ఊరి రిజిస్టర్‌లోనే ఉండాలో తేల్చాల్సింది గ్రామసభ. అడవి అంతా మీద ఊరికి ఉన్న సామూహిక హక్కు అడిగినప్పుడు హద్దు చూపిస్తే చాలు, లోపలి రహస్యాలు ఎవరికీ ఒప్పజెప్పనక్కర్లేదు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది నేల మీద, నీటి మీద, అడవి మీద మన మాట చెల్లాలని. ఆ మాట ఇవాళ అంకెల్లో కూడా రాయాల్సి వస్తోంది. శేరిగూడలో నువ్వు కట్టే ఫీజుల వెనక, మీ అమ్మ ఏరిన ఇప్పపువ్వు, తునికాకు ఉన్నాయి. ఆ చదువుతో రేపు ఏదో వెంచర్ కంపెనీకి గజాలు కొలుస్తావు. కొలువు, తప్పులేదు, కడుపు నిండాలి. కానీ వాళ్ళ మొదటి గజం కొలవకముందు మీ ఊళ్ళో ఒక గెట్టు నడిచి రా.

ఈ దసరా సెలవులకు ఊరికి పోయేవాళ్ళు ఎంతమంది? ఒక్కొక్కరు ఒక్క చేను. చుట్టూ నడిచి, చుక్కలు పెట్టి, గ్రామసభ రిజిస్టర్‌లో ఎక్కించి రండి.

గెట్టు మనది. చుక్క కూడా మనమే పెడదాం.

జోహార్ కొమురం భీం. జల్, జంగల్, జమీన్ మనవే.